కట్టెలో ఏముంది?

మా ఇంట్లో ఒక పాత రేకుపెట్టె ఉంది. అందులో నేను బడి చదువుకునే రోజుల్లో దాచుకున్న దినపత్రిక ఒకటి ఉంది. 1983 జూన్‌లో మన దేశం క్రికెట్ ప్రపంచకప్పు గెలిచిన వార్త అందులో అచ్చయింది. మొన్న మా తరగతి పిల్లలకు చూపిద్దామని దాన్ని బయటకు తీశాను. మడత విప్పబోతే అప్పడంలా విరిగిపోయింది! రంగు చూస్తే ఎండిన అరటాకు రంగు. ప్రాణం ఉసూరుమంది.

అదే పెట్టెలో మా తాతగారి ఇంటి దస్తావేజు కూడా ఉంది. పత్రికకంటే అది ముప్పై ఏళ్ళు పెద్దది. దానికి మాత్రం ఏమీ కాలేదు. మడిచినా విప్పినా చెక్కుచెదరడం లేదు.

"మాస్టారూ! చిన్నది ముందు ముసలిదై, పెద్దది పదిలంగా ఎలా ఉంది?" అని ఒక అమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న! దీనికి జవాబు కావాలంటే మనం ముందుగా కట్టెలోకి తొంగిచూడాలి.

కడ్డీలూ, కాంక్రీటూ

ఇంటికి స్లాబు వేయడం మీరు చూసే ఉంటారు. ముందు ఇనుపకడ్డీలు పరుస్తారు. వాటిని సన్నని తీగతో కట్టి, పైన కాంక్రీటు పోస్తారు. కట్టె కూడా అచ్చం అలాంటి కట్టడమే. ఇందులో కడ్డీల వంటిది సెల్యులోజ్. కాంక్రీటు వంటిది లిగ్నిన్. రెండింటినీ కలిపి ఉంచే తీగ వంటిది హెమిసెల్యులోజ్. ఎండిన కట్టెలో నూటికి 40 నుంచి 50 పాళ్ళు సెల్యులోజ్, 20 నుంచి 30 పాళ్ళు లిగ్నిన్ ఉంటాయి. మిగిలిన దానిలో ఎక్కువ భాగం హెమిసెల్యులోజే. చెట్టు జాతినిబట్టి ఈ పాళ్ళు కొంత మారుతుంటాయి.

సెల్యులోజ్‌ను 1838లో అన్సెల్మ్ పాయెన్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రజ్ఞుడు కట్టె నుంచి వేరుచేసి చూపాడు. గ్లూకోజ్ అణువులు వేలకొద్దీ దండలో పూలలాగా వరసగా చేరితే సెల్యులోజ్ అవుతుంది. మనం తినే అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజ్ దండే! మరి అన్నం అరిగినట్లు కట్టె ఎందుకు అరగదు? పూలు అవే అయినా ముడివేసిన తీరు వేరు. సెల్యులోజ్ ముడిని విప్పగల ఎంజైము మన కడుపులో లేదు. చెదపురుగులకు కట్టె భోజనం కావడానికి కారణం వాటి పేగుల్లో ఉండే సూక్ష్మజీవుల సాయమే.

లిగ్నిన్ సంగతి వేరు. అది దండలా కాక, చిక్కుపడిన వలలా అన్ని వైపులకూ అల్లుకుని ఉంటుంది. చెట్టుకు గట్టిదనాన్ని ఇచ్చేది అదే. లిగ్నిన్ లేకపోతే మర్రిమాను కూడా తోటకూర కాడలా వాలిపోయేది.

పత్రిక ఎందుకు విరిగింది?

ఒకప్పుడు ఐరోపాలో పాత గుడ్డపీలికలను నానబెట్టి, దంచి కాగితం చేసేవారు. అచ్చుయంత్రాలు పెరిగేసరికి ఆ పీలికలు చాలలేదు. 1840లలో జర్మనీకి చెందిన కెల్లర్, కెనడాకు చెందిన ఫెనర్టీ ఎవరికి వారే ఒక ఉపాయం కనిపెట్టారు. కట్టెను తడిపి, రాతికి ఆనించి నూరి గుజ్జు చేయవచ్చని చూపారు. అలా నూరితే కట్టెలో ఉన్నదంతా కాగితంలోకి వస్తుంది. లిగ్నిన్ కూడా! వార్తాపత్రికల చవక కాగితానికి నూరిన గుజ్జే ఆధారం.

వెలుతురు, గాలి తగిలితే లిగ్నిన్ మెల్లగా ఆక్సీకరణం చెంది పసుపుపచ్చని పదార్థాలుగా మారుతుంది. కాగితంలో ఉన్న, కొత్తగా పుట్టిన ఆమ్లాలు సెల్యులోజ్ దండలను ముక్కలుముక్కలుగా తెంపుతాయి. దండలు తెగితే కాగితంలో పట్టు ఉండదు. నా ప్రపంచకప్పు పత్రికకు జరిగింది ఇదే. తాతగారి దస్తావేజు నూలుగుడ్డ పీలికల గుజ్జుతో చేసినది. నూలు దాదాపు అంతా సెల్యులోజే. దానిలో లిగ్నిన్ లేదు.

నమ్మకం కుదరకపోతే మీరే చూడండి. ఒక పత్రిక ముక్కను, ఒక తెల్ల నోటుపుస్తకం కాగితాన్ని పక్కపక్కన పెట్టి, వాటిని సగం వరకు దళసరి అట్టతో మూయండి. వారం రోజులు ఎండలో ఉంచి అట్ట తీయండి. ఏది పండిందో, ఎక్కడివరకు పండిందో మీ కళ్ళే చెబుతాయి.

లిగ్నిన్‌ను వదిలించడం

మంచి కాగితం కావాలంటే లిగ్నిన్‌ను తీసేయాలి. 1879లో కార్ల్ దాల్ అనే జర్మన్ రసాయనవేత్త దీనికి చక్కని దారి చూపాడు. కట్టెముక్కలను సోడియం హైడ్రాక్సైడ్, సోడియం సల్ఫైడ్ కలిపిన ద్రావణంలో వేసి, మూసిన పాత్రలో సుమారు 170 డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర ఉడికిస్తారు. లిగ్నిన్ కరిగిపోతుంది. సెల్యులోజ్ పోగులు మిగులుతాయి. ఈ కాగితం గట్టిది కనుక దీనికి 'క్రాఫ్ట్' అని పేరు వచ్చింది. జర్మన్ భాషలో ఆ మాటకు బలం అని అర్థం. మీరు పుస్తకాలకు అట్టలుగా వేసుకునే ఖాకీరంగు కాగితం ఇదే. దీన్ని చలువచేస్తే తెల్లకాగితం అవుతుంది.

మరి కరిగిన లిగ్నిన్ ఏమైంది? క్షారంతో కలిసి నల్లని ద్రావణంగా మిగిలింది. అసలు కథ ఇక్కడే ఉంది. దీన్ని ఏటిలోకి వదిలితే నీరు నల్లబడుతుంది. నీటిలోని ఆక్సిజన్ తరిగిపోయి చేపలు చస్తాయి. ఒడ్డున ఉన్న ఊళ్ళకు తాగే నీరు పాడవుతుంది. 1930లలో కెనడాలో టామ్లిన్సన్ అనే ఇంజనీరు దీనికి విరుగుడుగా ఒక కొలిమిని రూపొందించాడు. నల్లద్రావణాన్ని చిక్కగా మరిగించి అందులో మండిస్తే లిగ్నిన్ ఇంధనంలా మండి ఆవిరిని, విద్యుత్తును ఇస్తుంది. అడుగున మిగిలిన లవణాల నుంచి ఉడికించే రసాయనాలు మళ్ళీ చేతికి వస్తాయి. పారబోస్తే విషం, పట్టుకుంటే పెన్నిధి అన్నమాట!

సల్ఫైట్ లవణాలతో కట్టెను ఉడికించే పద్ధతి ఇంకొకటి ఉంది. దానిలో వచ్చే లిగ్నిన్‌ను నిజమైన కాంక్రీటులోనే కలుపుతారు. తక్కువ నీటితో కాంక్రీటు చక్కగా జారేందుకు అది తోడ్పడుతుంది. ఐస్‌క్రీములో ఘుమఘుమలాడే వెనిలిన్‌ను కూడా లిగ్నిన్ నుంచి తీయవచ్చు. నార్వేలో నేటికీ అలా తీస్తున్నారు.

మన తెలంగాణలో ఈ పరిశ్రమ పేరే ఒక ఊరి పేరైంది. ఉర్దూలో కాగజ్ అంటే కాగితం. అదే కాగజ్‌నగర్! అక్కడ నిజాం కాలంలో నెలకొన్న సిర్పూరు కాగితపు మిల్లు 2014లో మూతపడి, 2018లో చేతులు మారి మళ్ళీ ఊపిరి పోసుకుంది. గోదావరి ఒడ్డున రాజమహేంద్రవరంలో మరో పెద్ద మిల్లు ఉంది. వెనుక ఇలాంటి మిల్లులకు అడవి వెదురే ఆధారం. ఇప్పుడు రైతులు పెంచే సుబాబుల్, సరుగుడు, జామాయిల్ తోటలు ఎక్కువగా ఆదుకుంటున్నాయి.

కట్టె నుంచి చొక్కా

శుద్ధమైన సెల్యులోజ్ దొరికితే బట్ట కూడా నేయవచ్చు. 1892లో ఇంగ్లండులో క్రాస్, బెవాన్, బీడిల్ అనే ముగ్గురు దీన్ని సాధించారు. గుజ్జును కాస్టిక్ సోడాతోను, కార్బన్ డైసల్ఫైడ్‌తోను కలిపితే తేనెలాంటి చిక్కని ద్రవం అవుతుంది. దాన్ని సన్నని రంధ్రాల గుండా ఆమ్లంలోకి నెడితే మళ్ళీ సెల్యులోజ్ దారాలుగా గట్టిపడుతుంది. అదే రేయాన్. కార్బన్ డైసల్ఫైడ్ ఆవిరి పనివారి నరాలను దెబ్బతీస్తుంది కనుక, దాన్ని బయటకు పోనీయకుండా పట్టి మళ్ళీ వాడుకోవడం చాలా అవసరం.

గాలి తగలకుండా కాలిస్తే

ఇక మూడో దారి. గట్టి పరీక్షనాళికలో రంపపుపొట్టు వేసి, వాయువు పోయే గొట్టం అమర్చి వేడిచేస్తే పొట్టు మండదు, నల్లబడుతుంది. గొట్టం చివర వచ్చే వాయువు మండుతుంది. చల్లబడిన ద్రవం నీలి లిట్మస్‌ను ఎర్రగా మారుస్తుంది. ఇది మాస్టారు దగ్గరుండి చేయించవలసిన ప్రయోగం సుమా! దీన్ని విధ్వంసక స్వేదనం అంటారు. మిగిలేది బొగ్గు. ద్రవంలో ఎసిటిక్ ఆమ్లం, మిథైల్ ఆల్కహాల్, తారు ఉంటాయి. మిథైల్ ఆల్కహాల్ కడుపులోకి పోతే చూపు పోతుంది, ప్రాణమూ పోవచ్చు.

కర్ణాటకలోని భద్రావతిలో 1923లో మొదలైన ఇనుప కర్మాగారం ఈ బొగ్గుతోనే ఇనుము తీసింది. బొగ్గుతో పాటు వచ్చే ద్రవాలనూ పారబోయకుండా పట్టుకున్నారు. దాన్ని నిలబెట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి పూర్వుల ఊరు మన మోక్షగుండమే. పచ్చికట్టె పొయ్యి దగ్గర కళ్ళు మండేది ఎందుకో ఇప్పుడు తెలిసింది కదూ? గాలి చాలక పూర్తిగా మండని ఇలాంటి ఆవిరులే పొగలో ఉంటాయి.

ఒక చిన్న లెక్క

ఎండిన కట్టెలో సగం బరువు కార్బనే. చెట్టు దాన్ని గాలిలోని కార్బన్ డయాక్సైడ్ నుంచి తీసుకుంటుంది. 12 గ్రాముల కార్బన్ 44 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ నుంచి వస్తుంది. అంటే కిలో కట్టె తయారుకావడానికి చెట్టు సుమారు 1,830 గ్రాముల కార్బన్ డయాక్సైడ్‌ను గాలి నుంచి తీసేసిందన్నమాట. కాల్చేస్తే అంతా తిరిగి గాలిలోకే. కాగితంగా, బల్లగా, తలుపుగా ఉన్నంతకాలం మన దగ్గరే. పాత కాగితాన్ని మళ్ళీ గుజ్జు చేయవచ్చు కానీ, ప్రతిసారీ పోగులు పొట్టివవుతాయి. కొన్నిసార్ల తర్వాత ఇక పనికిరావు.

అందుకే మా బడిలో పరీక్షలు కాగానే నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలను తీసి, దబ్బనంతో కొత్త పుస్తకం కుట్టిస్తాను. ఈ ఏడాది మీరూ కుట్టి చూడండి. ఎన్ని కాగితాలు మిగిలాయో లెక్కపెట్టండి.

నా పత్రికంటారా? ముక్కలన్నీ ఏరి ఒక కవరులో పెట్టి, వెలుతురు తగలని చోట దాచాను.