పానా పట్టే ముందు లెక్క కట్టండి

లద్దాఖ్ ప్రయాణం ఖాయం కాగానే చాలామంది రైడర్లు ముందు కొనేది ఫాగ్ ల్యాంపులు. తర్వాత లెగ్ గార్డు, సైడు బాక్సులు, ఫోన్ హోల్డరు, చార్జరు. టైరులో గాలి చూసుకునే గేజీ వంతు చిట్టచివర వస్తుంది. ఈ వరస తిరగబడితే దారిలో ఆగిపోయే బండ్లు చాలా తగ్గుతాయి. కొత్తగా బిగించే ప్రతి వస్తువూ బండికి ఉన్న శక్తిలోంచో, కరెంటులోంచో, మోయగల బరువులోంచో కొంత తినేస్తుంది. ఎంత తింటుందో ఇంట్లోనే కాగితం మీద తేల్చుకోవచ్చు.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411ను తీసుకుందాం. 2016లో వచ్చిన ఈ బండి, 2023 చివర్లో కొత్త 450 రంగంలోకి దిగేదాకా మన దేశంలో అందుబాటు ధరలో దొరికిన అడ్వెంచర్ టూరర్. తెలుగు నగరాల్లో సెకండ్ హ్యాండ్‌లో ఇప్పటికీ చేతులు మారుతోంది. చాలా బండ్లకు వారంటీ తీరిపోయింది. ఇంజిన్‌ను గాలి, ఆయిల్ కూలరు చల్లబరుస్తాయి కాబట్టి రేడియేటరు గొడవ లేదు. సొంతంగా పని నేర్చుకోవడానికి ఇంతకన్నా అనువైన బండి తక్కువ.

బండి జాతకం

ఇంజిన్ 411 సీసీ, ఒకటే సిలిండరు. శక్తి 24 హెచ్‌పీ పైచిలుకు, టార్క్ 32 న్యూటన్ మీటర్లు. పెట్రోలు ట్యాంకు 15 లీటర్లు. బీఎస్6 మోడల్ బరువు 199 కిలోలు. నేలకూ బండి అడుగుకూ మధ్య 220 మిల్లీమీటర్ల ఎడం. సస్పెన్షన్ ముందు 200, వెనుక 180 మిల్లీమీటర్లు ఆడుతుంది. ముందు చక్రం 21 అంగుళాలు, వెనుకది 17. ఆల్టర్నేటరు 220 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు, 8 ఆంపియర్ అవర్లు. మార్పులైనా మరమ్మతులైనా ఈ అంకెల పరిధిలోనే జరగాలి.

220 వాట్లు ఎటు పోతాయి?

ఆల్టర్నేటరు 220 వాట్లు ఇచ్చేది ఇంజిన్ 3,000 ఆర్‌పీఎం దగ్గర తిరుగుతున్నప్పుడు. సిగ్నల్ దగ్గర ఐడిల్‌లో ఉన్నప్పుడు అంత రాదు. ఉన్నదాంట్లో హెడ్‌లైటు డిమ్‌లో 55 వాట్లు, బ్రైట్‌లో 60 వాట్లు తీసుకుంటుంది. 2017 ఏప్రిల్ నుంచి టూవీలర్ల హెడ్‌లైటు ఇంజిన్‌తో పాటే వెలగాలన్న నిబంధన ఉంది కాబట్టి పగలు కూడా ఈ ఖర్చు తప్పదు.

దీనికి 20 వాట్ల ఫాగ్ ల్యాంపులు రెండు, 18 వాట్ల ఫోన్ చార్జరు, 36 వాట్ల వేడి గ్రిప్పులు కలిపితే మరో 94 వాట్లు. హెడ్‌లైటుతో మొత్తం 149. మిగిలిన 71 వాట్లలోనే పెట్రోలు పంపు, ఇంజెక్టరు, ఇగ్నిషన్, బ్రేక్ లైటు, మీటరు నడవాలి, బ్యాటరీ చార్జ్ కావాలి. హైవే మీద ఎలాగో నెట్టుకొస్తుంది. మొదటి గేరులో గంటల తరబడి పాకే ఘాట్ రోడ్డులో బ్యాటరీ లోంచి అప్పు మొదలవుతుంది.

మీ బండి లెక్క మీకు తెలియాలంటే ఒక మల్టీమీటరు చాలు. రాత్రంతా ఆగి ఉన్న బండిలో బ్యాటరీ 12.6 నుంచి 12.8 వోల్టుల మధ్య చూపితే నిండుగా ఉన్నట్టు. తర్వాత ఇంజిన్ స్టార్ట్ చేసి, లైట్లన్నీ వేసి, 3,000 ఆర్‌పీఎం దగ్గర పట్టి మళ్లీ కొలవండి. 13.8 నుంచి 14.5 మధ్య ఉంటే ఆరోగ్యం. 13 కంటే దిగిపోతే మీరు తగిలించినవి ఎక్కువయ్యాయని అర్థం, లేదా చార్జింగ్‌లోనే లోపం ఉంది. అదనపు లైట్లు ఆపి మళ్లీ చూస్తే రెంటిలో ఏదో తేలిపోతుంది.

వైరింగ్‌లో ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఫ్యూజు దగ్గర. 40 వాట్ల లైట్ల జత 12 వోల్టుల మీద తీసుకునేది 3.3 ఆంపియర్లు. దానికి 5 ఆంపియర్ల ఫ్యూజు సరిపోతుంది. మాటిమాటికీ ఎగిరిపోతోందని 20 ఆంపియర్లది వేస్తే ఫ్యూజు ఉండీ లేనట్టే. ఫ్యూజు కాపాడేది వైరును. ఎక్కడైనా ఒరుసుకుని షార్ట్ అయితే ఫ్యూజు కంటే ముందు సన్నటి వైరు కాలిపోతుంది, అదీ పెట్రోలు ట్యాంకు కింద. ఫ్యూజు బ్యాటరీ ప్లస్‌కు వీలైనంత దగ్గరగా ఉండాలి. లైట్ల కరెంటు రిలే గుండా పోవాలి, హ్యాండిల్ మీది స్విచ్చి రిలేను మాత్రమే నడపాలి.

చార్జరును నేరుగా బ్యాటరీకి కలిపేవాళ్లు మరో లెక్క చూసుకోవాలి. బండి ఆపాక కూడా అది 100 మిల్లీ ఆంపియర్లు లాగుతూ ఉంటే, 8 ఆంపియర్ అవర్ల బ్యాటరీ 40 గంటల్లో సగం ఖాళీ. ఈ బండికి కిక్ లేదు. చలి ప్రదేశంలో రెండు రాత్రులు ఆగితే మూడో ఉదయం తోసుకోవడమే. తాళం తీస్తేనే కరెంటు వచ్చే లైన్‌కు కలిపితే ఈ బాధ ఉండదు.

కిలోలు ఎక్కడ కూర్చుంటాయి?

లెగ్ గార్డు 5 కిలోలు, బాక్సుల ఫ్రేము 5 కిలోలు, ఇనుప బాక్సులు రెండూ కలిపి 10 కిలోలు అనుకుందాం. ఒక్క చొక్కా కూడా సర్దకముందే 20 కిలోలు పెరిగాయి. సామాను ఇంకో 20. బండి 199, రైడరు 75 కలిపి 274 కిలోలుగా ఉన్నది 314కి చేరింది. దాదాపు 15 శాతం ఎక్కువ.

ఇప్పుడు దీన్ని కొండెక్కించండి. ఖర్దుంగ్ లా ఎత్తు 5,359 మీటర్లు. అక్కడ గాలి సాంద్రత సముద్రమట్టం దగ్గరి దాంట్లో 58 శాతానికి అటూఇటూ. గాలి తగ్గిన మేరకు ఇంజిన్ శక్తీ తగ్గుతుంది. 24 హెచ్‌పీ కాస్తా 14 అవుతుంది. ఆ 14తో 314 కిలోలను లాగాలి. సైలెన్సర్ మార్చి ఒకటి రెండు హెచ్‌పీల కోసం వేలు పోసేకంటే, బాక్సులోంచి 10 కిలోలు తీసేయడం మేలు. దానికి రూపాయి ఖర్చు లేదు.

బరువు ఎంతో చూసినట్టే ఎక్కడుందో కూడా చూడాలి. బండి రెండు ఇరుసుల మధ్య దూరం 1,465 మిల్లీమీటర్లు. వెనుక ఇరుసుకు 30 సెంటీమీటర్లు అవతల వేలాడే టాప్ బాక్సులో 10 కిలోలు పెడితే వెనుక చక్రం మీద 12 కిలోలు పడతాయి, ముందు చక్రం 2 కిలోలు తేలికవుతుంది. కంకర మీద ముందు చక్రం పట్టు తప్పడానికి ఇదొక కారణం. టూల్ కిట్టు, నీళ్లు, ట్యూబుల లాంటి బరువైనవి కిందికి, బండి నడుముకు దగ్గరగా సర్దాలి. టాప్ బాక్సులో రెయిన్ కోటు, స్వెట్టరు చాలు.

15 లీటర్లు, 365 కిలోమీటర్లు

మనాలీ నుంచి లేహ్ వెళ్లే దారిలో తాండీ పెట్రోలు బంకు దగ్గరి బోర్డు రైడర్లలో ప్రసిద్ధం. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో ఉందని దాని మీద రాసి ఉంటుంది. బరువుతో, ఎత్తులో లీటరుకు 25 కిలోమీటర్లు వస్తుందనుకుంటే నిండు ట్యాంకు మీద పోగలిగేది 375. మిగులు 10 కిలోమీటర్లు. ట్యాంకు అడుగున మిగిలే పెట్రోలును పంపు పూర్తిగా అందుకోలేదు కాబట్టి ఆ మిగులును నమ్మకూడదు. 5 లీటర్ల క్యాను ఉంటే మరో 125 కిలోమీటర్లు ధీమా. దాని బరువు సుమారు 3.7 కిలోలే. ట్యాంకుకు ఇరువైపులా ఉన్న ఇనుప ఫ్రేముకు కడితే ముందు చక్రానికి కాస్త బరువు కూడా దక్కుతుంది.

చైన్: బిగుతు కంటే వదులే నయం

వెనుక సస్పెన్షన్ 180 మిల్లీమీటర్లు ఆడే బండిలో చైన్ వదులు నిమిషానికోలా మారుతుంది. వెనుక ఇరుసు, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, ముందు స్ప్రాకెట్ మూడూ ఒకే గీత మీదికి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుసుకుంటుంది. ఖాళీ బండి స్టాండు మీద ఉండగా ముచ్చటగా బిగించిన చైన్, బరువెక్కి గుంతలో దిగగానే గేర్‌బాక్సు బేరింగును లాగేస్తుంది. అందుకే మాన్యువల్‌లో ఇచ్చిన వదులు తప్పకుండా ఉండాలి. చైన్ అంతటా ఒకేలా సాగదు కాబట్టి చక్రం తిప్పుతూ నాలుగైదు చోట్ల కొలిచి, అన్నిటికంటే బిగుతుగా ఉన్న చోట సరిచేయాలి.

అరిగిందో లేదో తేల్చడానికి స్కేలు చాలు. పెద్ద బండ్లకు వాడే 520, 525, 530 చైన్లన్నిటిలో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 15.875 మిల్లీమీటర్లు. చైన్‌ను కిందికి లాగి పట్టి 20 లింకులు కొలిస్తే 317.5 రావాలి. 2 శాతం సాగి 324 దాకా వచ్చిందంటే చైన్ సెట్ మొత్తం మార్చే సమయం. చైన్ ఒక్కటే మార్చి పాత స్ప్రాకెట్లు ఉంచితే కొత్తదీ త్వరగా పోతుంది. మామూలు రోడ్ల మీద సుమారు 500 కిలోమీటర్లకోసారి లూబ్ వేయాలి. వానలో, దుమ్ములో ఇంకా ముందే.

కొండల కోసం ముందు స్ప్రాకెట్‌ను 15 పళ్ల నుంచి 14కు మార్చేవాళ్లున్నారు. వెనుక 38 పళ్లు కాబట్టి నిష్పత్తి 2.53 నుంచి 2.71కి చేరుతుంది. చక్రం దగ్గర లాగుడు 7 శాతం పెరుగుతుంది. అదే ఆర్‌పీఎంలో 100 పోయే బండి 93 పోతుంది. లద్దాఖ్‌కు ఇది లాభం. హైదరాబాద్ నుంచి నాగ్‌పూర్ మీదుగా ఉత్తరాదికి రోజుల తరబడి హైవే మీద పోయేవాళ్లకు నష్టం.

బోల్టుకు ఎంత బలం?

ఇంట్లో పని చేసేవాళ్లు ఎక్కువగా పాడుచేసేది మరలనే. 8.8 అని ముద్ర ఉన్న ఎం6 బోల్టుకు సాధారణంగా 10 న్యూటన్ మీటర్లు, ఎం8కు 25 సరిపోతాయి. 25 సెంటీమీటర్ల పానా చివర 4 కిలోల బలం పెడితేనే 10 న్యూటన్ మీటర్లు వచ్చేస్తాయి. 10 కిలోల బలానికి 25. పెద్దవాళ్లు ఊపుగా నొక్కితే 30 కిలోల బలం పడటం కష్టమేమీ కాదు. ఇంజిన్ కేసు అల్యూమినియం, దానిలోని మర ఆ దెబ్బకు ఊడిపోతుంది. అందుకే అల్యూమినియంలోకి దిగే బోల్టులకు, ముఖ్యంగా డ్రెయిన్ బోల్టుకు, మాన్యువల్‌లో ఉన్న అంకెనే నమ్మి టార్క్ రెంచి వాడండి. వాషరు కొత్తది వేయండి.

గాలి, ఆయిల్, బ్రేక్

టైరు గేజీ చూపేది లోపలి పీడనానికీ బయటి పీడనానికీ మధ్య తేడా. హైదరాబాద్‌లో 35 డిగ్రీల దగ్గర 32 పీఎస్ఐ పట్టించిన టైరును అలాగే ఖర్దుంగ్ లా చేర్చారనుకోండి. బయటి పీడనం 13.8 నుంచి 7.5కు పడిపోవడంతో గేజీ 38 చూపాలి. అక్కడ 5 డిగ్రీల చలి ఉంటే లోపలి గాలి కుంచించుకుని దాదాపు 34 దగ్గర ఆగుతుంది. ఎత్తు పెంచినదాన్ని చలి చాలావరకు తగ్గించేసింది. అందుకే కొండ మీద టైరు పగిలిపోతుందేమోనని ఊహించి గాలి వదలకూడదు. పొద్దున్నే, బండి కదలకముందు గేజీతో చూసి సరిచేయాలి. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు మారితే ఒకటిన్నర పీఎస్ఐ మారుతుందని గుర్తుంటే చాలు.

ఈ ఇంజిన్‌కు 15డబ్ల్యూ50 ఆయిల్‌ను 10,000 కిలోమీటర్లకోసారి మార్చమని కంపెనీ చెప్పింది. అది మామూలు వాడకానికి. దుమ్ములో, మొదటి గేరులో రోజులు గడిపిన బండికి ఆయిల్, ఎయిర్ ఫిల్టరు రెండూ ముందే చూడాలి. డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. గాలిలోని తేమ పీల్చుకుని 3.7 శాతం నీరు చేరాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. పొడవాటి ఘాట్ దిగేటప్పుడు బ్రేక్ లివరు ఉన్నట్టుండి మెత్తబడితే అనుమానించాల్సింది దీన్నే. రెండేళ్లకోసారి మార్చడం ప్రాణానికి మంచిది. బ్రేక్ పని మొదటిసారి చేస్తుంటే తెలిసిన మెకానిక్‌ను పక్కన ఉంచుకోండి.

హ్యాండిల్‌ను రైజర్లతో ఎత్తు చేసినవాళ్లు ఒక పరీక్ష మరవొద్దు. ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి హ్యాండిల్‌ను ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పండి. ఆర్‌పీఎం పెరిగితే యాక్సిలరేటర్ కేబుల్ బిగుసుకుంటున్నట్టు. అలాంటి బండిని రోడ్డెక్కించకూడదు.

చట్టం చెప్పే అంకెలు

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలకూ కంపెనీ ఇచ్చిన రూపానికీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే ఖాయం చేసింది. అదే ఏడాది వచ్చిన సవరణతో 182ఏ సెక్షన్ కింద అనుమతి లేని ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. శబ్ద పరిమితి దాటించే సైలెన్సర్‌కు 190వ సెక్షన్ కింద 10,000 దాకా జరిమానా పడొచ్చు. ఫాగ్ ల్యాంపుల వెలుగు ఎదుటివాళ్ల కళ్లలో పడకుండా కిందికి దించి పెట్టండి. ఊళ్లో ఆపేయండి.

కాబట్టి డబ్బు పెట్టాల్సిన వరస ఇదీ. మొదట గాలి గేజీ, మల్టీమీటరు, టార్క్ రెంచి, మాన్యువల్. తర్వాత కొత్త చైన్ సెట్, బ్రేక్ ప్యాడ్లు, టైర్లు, ట్యూబులు. అవన్నీ అయ్యాక డబ్బు మిగిలితే లైట్లు, బాక్సులు. ఈ ఆదివారం బ్యాటరీ వోల్టేజీ, టైర్ల గాలి, చైన్ సాగుడు కొలిచి ఒక నోటుబుక్కులో రాసుకోండి. మీ బండికి నిజంగా ఏం కావాలో ఆ మూడు అంకెలే చెబుతాయి.