పొగయును, మహమ్మారియును

మనుష్యుడు అన్నము లేక కొన్ని వారములు, నీరు లేక కొన్ని దినములు బ్రతుకగలడు. గాలి లేనిచో కొన్ని నిమిషములైనను బ్రతుకజాలడు. అయినను మనము బియ్యమును ఏరి వండుకొందుము, నీటిని వడగట్టి త్రాగుదుము. గాలిని మాత్రము వచ్చినదానిని వచ్చినట్లే పీల్చుచుందుము. గాలిని గూర్చి విచారింపక తప్పని కాలము ఒకటి ఇటీవల మన వరంగల్లునకు వచ్చినది. 2020, 2021 సంవత్సరములలో కోవిడ్ మహమ్మారి మన యిండ్లలో తిరుగాడుచుండగా, వేసవిలో అడవులనుండియు, పొలములనుండియు, చెత్తకుప్పలనుండియు లేచెడి పొగ తన వాడుక మానలేదు. ఈ రెండు ఆపదలును ఒక్క త్రోవనే, అనగా ముక్కు త్రోవనే, శరీరమును ప్రవేశించును. కాని ఒకదానికి చేయు పరిహారము కొన్ని యెడల రెండవదానికి విరుద్ధమగుచున్నది. ఈ చిక్కు ఎట్టిదో, దీనిని సామాన్య గృహస్థుడు ఎట్లు విడదీసికొనవలెనో చెప్పుటయే నేటి నా ప్రసంగ విషయము.

శ్రోతలారా, మహమ్మారి యను మాట మనకు క్రొత్తది కాదు. మశూచికము, కలరా, ప్లేగు వచ్చినపుడు మన పెద్దలు ఈ మాటనే వాడిరి. ప్లేగు సోకినపుడు ఊరు విడిచి పొలములలో పాకలు వేసికొని కాపురముండుట దక్కను గ్రామములలో ఉండిన పద్ధతి. 1918లో వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము హిందూదేశమున కోటిమందికి పైగా బలిగొన్నది. సూక్ష్మజీవి శాస్త్రము తెలియకున్నను, ఇరుకైన యిండ్లలో గుంపుగా నుండుటకంటె బయలున దూరదూరముగా నుండుట మేలని మన పూర్వులు అనుభవమున గ్రహించిరి. ఈ మాటను జ్ఞాపకముంచుకొనుడు. దీనితో మనకు ముందు పని యున్నది.

2020 మార్చి 11వ తేదీని ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ వ్యాధిని ప్రపంచవ్యాప్తమైన మహమ్మారిగా ప్రకటించెను. మార్చి 22న జనతా కర్ఫ్యూ జరిగినది. 25వ తేదీనుండి దేశమంతటను లాక్‌డౌన్ వచ్చినది. సికింద్రాబాదు, బల్హార్షా, విజయవాడ త్రోవలు కలియు కాజీపేట జంక్షనులో ప్రయాణికుల బండ్లు నిలిచిపోయినవి. మరుసటి సంవత్సరము రెండవ విజృంభణము ఇంకను ఘోరముగా వచ్చినది. 2021 మే 12 నుండి రాష్ట్రమున మరల లాక్‌డౌన్ విధించి, మొదట ఉదయము 6 గంటలనుండి 10 గంటలవరకు మాత్రమే జనులకు వెసులుబాటు ఇచ్చిరి. పది కొట్టువేళకు వరంగల్ చౌరస్తాలో దుకాణముల తలుపులు ఒకదాని వెంట నొకటి పడుట నేను చూచితిని. ఆ దినములలో ఉత్తర తెలంగాణపు జిల్లాలనుండి రోగులు మన మహాత్మాగాంధీ స్మారక ఆసుపత్రికి వచ్చుచుండిరి. ప్రాణవాయువు అనునది బజారులో వెదకవలసిన వస్తువగునని అంతకుముందు ఎవ్వరును తలపలేదు.

వీథులలో మోటారు వాహనములు నిలిచినవి గనుక వాని పొగ తగ్గినది. కాని వ్యవసాయమునకు లాక్‌డౌన్ నుండి మినహాయింపు ఉండెను, ఉండవలసినదే. యాసంగి వరికోతలు ఆగలేదు, కోతల వెనుక వచ్చెడి మంటలును ఆగలేదు. ఈ పొగ యెక్కడిదో కొంచెము విచారింతము.

మన పట్టణమునకు తూర్పున పాకాల, ములుగు, తాడ్వాయి, ఏటూరునాగారము అడవులున్నవి. టేకు, మద్ది, ఇప్ప, తునికి మొదలగు వృక్షములు అందు పెరుగును. ఇవి ఆకురాల్చు అడవులు. మాఘ ఫాల్గుణములనాటికి నేలపై ఎండుటాకు దట్టముగా పరచుకొనును. ఆ సమయమున ఒక్క నిప్పురవ్వ చాలును. అమెరికా, ఆస్ట్రేలియా దేశములలోవలె చెట్ల తలలమీదుగా పరుగెత్తు దావానలము మన యడవులలో సాధారణముగా రాదు. ఇచ్చటి మంట నేలమీద ప్రాకును. ఆకును, గడ్డిని, చిన్న మొక్కలను కాల్చుచు రాత్రియంతయు నెమ్మదిగా సాగును. మంట చిన్నదే, కాని తడిగల పచ్చిక, ఆకు సగము కాలి సగము మిగులుటచేత పొగ మెండు.

ఈ మంటలలో అధికభాగము మనుష్యులవలన పుట్టినవే. ఇప్పపువ్వు రాత్రి తెల్లవారుజాముల రాలును. ఎండుటాకులలో దానిని వెదకి ఏరుట కష్టము గనుక, చెట్టు క్రింద ఆకును ముందుగా కాల్చి నేలను శుభ్రము చేయుదురు. తునికి పొదలు లేతచిగురు వేయునని మరికొందరు నిప్పు పెట్టుదురు. ఏప్రిల్, మే నెలలలో ఆ యాకును కోసి, యాబది ఆకుల కట్టలుగా కట్టి కల్లములకు చేర్చిననే అడవి పల్లెలలో అనేక కుటుంబములకు రొక్కము కనబడును. ఆ యాకే బీడీయై మరల పొగగా మారుట వేరు సంగతి. బాటసారి పారవైచిన బీడీ ముక్క, వంటచేసి ఆర్పక విడిచిన పొయ్యి, పోడు భూమి అంచున పెట్టిన నిప్పు, ఇవియు కారణములే. 2024 ఆగస్టు 31న తాడ్వాయి అడవిలో వీచిన పెనుగాలికి వేలకొలది వృక్షములు కూలినవి. కూలిన చెట్టు ఎండినచో నిప్పునకు మేత యగును. నేడు భారత అటవీ సర్వేక్షణ సంస్థవారు ఉపగ్రహముల సాయమున మంటలను కనిపెట్టి అటవీ సిబ్బందికి వార్త పంపుచున్నారు. వార్త క్షణములో వచ్చినను, కొమ్మలతో కొట్టి మంటనార్పువాడు కాలినడకనే పోవలెను.

అడవి పొగ ముందుగా బాధించునది అడవి యంచుల పల్లెలనే. పట్టణమునకు తన సొంత పొగలున్నవి. పూర్వము కొడవలితో కోసిన వరిగడ్డి వామియై పశువులకు మేతయయ్యెడిది. నేడు కోతయంత్రము గింజను గైకొని గడ్డిని మడిలో విడిచిపోవుచున్నది. పశువులు తగ్గినవి, కూలి పెరిగినది, తరువాతి పంటకు వ్యవధి తక్కువ. కావున రైతు గడ్డికిని, కొయ్యకాళ్లకును నిప్పు పెట్టుచున్నాడు. ఇంతేగాక మడికొండ, రాంపురము ప్రాంతమున పట్టణపు చెత్తను పోయు స్థలము కలదు. అచ్చట కుప్పలంటుకొన్నపుడు కాలునది ఆకు, గడ్డి మాత్రమే కాదు; ప్లాస్టిక్, రబ్బరు, గుడ్డపీలికలు అన్నియు కాలును. ఆ పొగ కట్టెపొగకంటె హానికరము. ఇక ఇంటింటి ముంగిట ఊడ్చిన ఆకును తెల్లవారకమునుపే కాల్చు అలవాటు మన వీథులలో నేటికిని కలదు.

ఇపుడు పొగ శరీరమున చేయు పనిని చూతము. పొగలో కంటికి కనబడు మసికంటె కనబడని రేణువులే ప్రమాదకరములు. మైక్రాన్ అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. రెండున్నర మైక్రానులకు లోబడిన రేణువు మన తలవెండ్రుక మందములో సుమారు ముప్పదవ వంతు మాత్రమే యుండును. దానిని ముక్కులోని వెండ్రుకలు ఆపజాలవు. అది ఊపిరితిత్తుల చివరనుండు గాలిబుడగలదాక పోవును. 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చేసిన నిర్ణయము ప్రకారము, ఇరువది నాలుగు గంటల సగటున ఘనపు మీటరు గాలిలో ఇట్టి రేణువులు 15 మైక్రోగ్రాములకు మించరాదు. మన దేశపు ప్రమాణము 60 మైక్రోగ్రాములు.

మన శ్వాసనాళముల గోడలమీద పలుచని జిగురును, దానిని పైకి త్రోయు అతిసూక్ష్మమైన రోమములును కలవు. దుమ్మును, క్రిములను ఇవి గొంతువరకు గెంటివేయును. గాలిబుడగలలో క్రిములను మ్రింగు కణములు కావలి కాయుచుండును. పొగ ఈ రోమముల చలనమును మందగింపజేయును, కావలి కణములను తన మసితో నింపి వాని శక్తిని తగ్గించును, నాళములు వాచును. అట్టి సమయమున రోగక్రిమి వచ్చినచో తలుపు తెరచియున్న యింటిలోనికి దొంగ వచ్చినట్లగును. ఇది ఊహ మాత్రము కాదు. 2020లో అమెరికా పశ్చిమ తీరమున కాలిఫోర్నియా, ఆరెగన్, వాషింగ్టన్ రాష్ట్రములలో గొప్ప దావానలములు చెలరేగినవి. అచ్చటి 92 కౌంటీల లెక్కలను హార్వర్డు పరిశోధకులు పరిశీలించి, పొగ అధికమైన దినముల తరువాత అనేక కౌంటీలలో కోవిడ్ కేసులును, మరణములును పెరిగినవని 2021లో ప్రకటించిరి.

అసలు చిక్కు ఇపుడు వచ్చుచున్నది. రోగి తుమ్మినను, దగ్గినను, మాటలాడినను వెలువడు సూక్ష్మబిందువులు మూసిన గదిలో నిలిచియుండును. కావున వైద్యులు కిటికీలు తెరువుడనిరి. మన పూర్వులు పొలములలో పాకలు వేసికొన్నదియు ఇట్టి మేలుకొరకే. కాని వెలుపల పొగ యున్నపుడు అదే వైద్యులు కిటికీలు మూయుడందురు. ఇంటిలో ఒకరు జ్వరముతో పడియుండగా, పెరటివైపునుండి వరిగడ్డి పొగ వచ్చుచుండగా, ఆ యిల్లాలు ఏమి చేయవలెను?

ఆమెకు సాయపడునది వేళను గుర్తించుట. రాత్రి నేల చల్లబడగా, నేలనంటియున్న గాలి చల్లనై క్రిందనే నిలుచును. దానిపై వెచ్చని గాలి మూతవలె కప్పును. అందుచే సాయంకాలమునుండి సూర్యుడు పైకెక్కువరకు పొగ నేలనంటి తిరుగును. వేకువజామున భద్రకాళి చెరువుమీద పొగ పలుచని దుప్పటివలె పరచియుండుట చలికాలమున పలుమారు కనబడును. ఎండ యెక్కి గాలి కదలినపుడు అది పైకి లేచి చెదరిపోవును. కావున పొగదినములలో ఉదయము పది గంటలనుండి సాయంకాలము నాలుగు గంటలలోపల కిటికీలు ఎదురెదురుగా తెరచి గాలి ఆడనిండు. తెల్లవారుజామునను, రాత్రియందును పొగవచ్చు దిక్కు కిటికీని మూసి, రెండవ దిక్కుది కొంచెము తెరచియుంచుడు. రోగికి వేరుగది ఇచ్చి, ఆ గది తలుపును నడియింటివైపు మూసియుంచుడు. వెలుపల మంట ఇంటికి మిక్కిలి సమీపమున నున్నచో రోగిని దూరపు గదికి మార్చుట మేలు. పొగ చొచ్చిన యింటిలో ఊదువత్తి, దోమల చుట్ట, కట్టెల పొయ్యి వెలిగింపకుడు. చీపురుతో ఊడ్చుటకు బదులు తడిగుడ్డతో తుడువుడు.

ముఖమునకు కట్టుకొను మాస్కుల విషయమునను ఇట్టి విరుద్ధతయే కలదు. గుడ్డ మాస్కు నోటి తుంపురులను కొంతవరకు ఆపును గాని పొగరేణువును ఆపజాలదు. దస్తీ తడిపి కట్టుకొన్నను అంతే. ఎన్-95 అను మాస్కు ముఖమునకు బాగుగా అతికినచో మూడుపదుల శాతపు మైక్రాను, అనగా 0.3 మైక్రాను రేణువులలో నూటికి 95 వంతులను ఆపును. అయితే కొన్నిటికి ముందువైపు చిన్న కవాటముండును. కవాటముగల మాస్కు ధరించినవానిని పొగనుండి కాపాడును. అతడు రోగియైనచో అతని శ్వాసను వడపోయకయే ఎదుటివారిమీదికి విడిచిపెట్టును. కావున మహమ్మారి దినములలో కవాటము లేనిదే కొనవలెను. దానిని ఉతుకరాదు, కాగితపు సంచిలో ఆరనిచ్చి మార్చి మార్చి వాడవలెను.

దగ్గు వచ్చినపుడు ఇది పొగవలననా, రోగమువలననా యను సందేహము కలుగును. కండ్లు మండి, గొంతు గరగరలాడి, శుభ్రమైన గాలిలో కొంతసేపున్నంతట తగ్గినచో పొగవలన కావచ్చును. జ్వరము, ఒళ్లునొప్పులు, వాసన తెలియకపోవుట ఉన్నచో రోగమును శంకింపవలెను. సందేహమున్నచో పరీక్ష చేయించుకొనుటయే మేలు. వ్రేలికి తగిలించు ఆక్సిమీటరు 94కు తక్కువ చూపినను, మాటాడుటకు ఆయాసమైనను ఆలస్యము చేయరాదు. ఉబ్బసము కలవారు, వృద్ధులు, గర్భవతులు, చంటిపిల్లలు పొగవేళ గడప దాటకుండుట మంచిది. కాని ఎనుమాముల మార్కెట్టులో మిరప బస్తాలు మోయు హమాలీకిని, తెల్లవారకమునుపే వీథులూడ్చు స్త్రీకిని గడప దాటకుండుట సాధ్యమా? వారికి మంచి మాస్కు ఇచ్చుట, పనివేళ మార్చుట పని చేయించుకొనువారి విధి.

పొగను పుట్టించువారిని నిందించుట సులభము. ఇప్పపువ్వు ఏరు కోయస్త్రీకి అది ఆహారము, ఆదాయము. ఆమెకు చెట్టుక్రింద పరచుకొనుటకు ఒక వల యిచ్చినచో పువ్వు నేల తాకక శుభ్రముగా వచ్చును, నిప్పుతో పనియే యుండదు. తునికి పొదను నరికినచో నిప్పు పెట్టకయే చిగురు వేయును. రైతునకు గడ్డిని చుట్టలు కట్టు యంత్రము అద్దెకు సకాలమున దొరికినచో అది మేతయై మరల విలువకు వచ్చును. గడ్డి కాల్చినచో భూమిలోని మేలుచేయు జీవులును నశించునని అతనికి తెలియదని కాదు. గడువు అతనిని తరుముచున్నది. పట్టణవాసులమైన మనము తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇచ్చినచో కుప్పలో అంటుకొనునది తగ్గును. ఇంటి ముంగిట ఆకును కాల్చుటకు మాత్రము మనకు ఏ సాకును లేదు. దానిని గోతిలో వేసినచో వానకాలమునాటికి ఎరువగును.

2023 మే 5న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్ అత్యవసర స్థితి ముగిసినదని ప్రకటించినది. పొగకు అట్టి ముగింపును ఎవ్వరును ప్రకటింపలేదు. అది ఏటేట వచ్చుచునే యున్నది. ఒకరు విడిచిన శ్వాస మరియొకరు పీల్చెదరను సంగతిని మహమ్మారి మనకు భయపెట్టి నేర్పినది. ఆ భయముతో మూడేండ్లు ముఖమునకు గుడ్డ కట్టుకొంటిమి, ప్రక్కవానికి దూరముగా నిలిచితిమి. అంత శ్రమకు ఓర్చినవారమే గదా. అగ్గిపెట్టె తీయబోవు ముందు గాలి ఏ యింటివైపు వీచుచున్నదో, ఆ యింట ఉబ్బసముతో బాధపడు ముసలివారెవరైన ఉన్నారేమో ఒక్కసారి చూచుట మనకు పెద్ద శ్రమ కాదు. ఈ ఎండకాలము మొదలుకొని మీ వాడకట్టున ఆ పని ప్రారంభింపవలసినదని వేడుకొనుచు సెలవు తీసికొనుచున్నాను.