కర్త తెలియని పాట

జానపద గేయానికి లక్షణాలు రాయమని పరీక్షలో ప్రశ్న వస్తే మా పిల్లలందరూ మొదటి వాక్యం ఒక్కటే రాస్తారు: దానికి కర్త ఎవరో తెలియదు. ఆ ముక్క వాళ్ళచేత రాయిస్తున్నది నేనే. ఇరవై యేళ్ళుగా అదే నోట్సు చెబుతున్నాను. అది అబద్ధమని కాదు. కాని అది ఎంత సౌకర్యమైన వాక్యమో నాకు కిందటేడు ఒక పెళ్ళిపందిట్లో తెలిసివచ్చింది. కర్త తెలియకపోతే ఎవరికీ డబ్బులివ్వనక్కరలేదు గదా!

పెళ్ళికంటె ముందు ఒక సినిమా సంగతి మనవి చేయాలి.

2020 మార్చి 6న కరుణకుమార్ దర్శకత్వంలో ‘పలాస 1978’ విడుదలయింది. నెల తిరక్కుండానే కరోనా వచ్చి హాళ్ళు మూతపడ్డాయి గనక చాలామంది దాన్ని ఇంట్లో కూచునే చూసివుంటారు. నేను మాత్రం మొదటి వారంలోనే విశాఖపట్నంలో, నిండిన హాల్లో చూశాను. పలాస అనగానే మనకు జీడిపప్పు గుర్తొస్తుంది. ఆ జీడిపప్పు ఊళ్ళో ఆడిపాడి బతికే పేదయింటి అన్నదమ్ములు రంగారావు, మోహనరావు. ఊరిమీద పెత్తనం ఇద్దరు షావుకార్లది. వాళ్ళూ అన్నదమ్ములే, కాని ఒకరి నీడ ఒకరికి పడదు. ఆ పోరులో ఆటగాళ్ళ చేతికి కత్తి వస్తుంది, కాలి గజ్జె అటకెక్కుతుంది. రెండో సగంలో నెత్తురు కాస్త ఎక్కువైందని నా అభిప్రాయం. అయినా కడుపు నిండా కూడు పెట్టని ఆట కళ్ళముందు చచ్చిపోవటం ఆ చిత్రంలో చూసినంత సూటిగా నేను మరొకచోట చూడలేదు.

అందులో ‘నక్కిలీసు గొలుసు’ అనే పాట ఉన్నది. ఉత్తరాంధ్ర పల్లెల పాట. స్వరకర్త రఘు కుంచెగారే పాడారు, చిత్రంలో ఒక షావుకారు వేషమూ కట్టారు. ఆ పాట వచ్చినప్పుడు హాలు హోరెత్తిపోయింది. అందులో వింత లేదు. 1933లో రేవు తెరిచిన నాటినుంచి, తరువాత ఓడల కర్మాగారం, ఆపైన ఉక్కు ఫ్యాక్టరీ వచ్చిన దాకా, శ్రీకాకుళం, విజయనగరం పల్లెలనుంచి రైలెక్కి పనికి వచ్చినవాళ్ళతోనే ఈ ఊరు పెరిగింది. వాళ్ళు మూటాముల్లెతోపాటు పాటలు కూడా తెచ్చుకున్నారు.

అలా వచ్చినవారిలో వంగపండు ప్రసాదరావుగారు ఒకరు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టారు. ఇక్కడ హిందుస్థాన్ షిప్‌యార్డులో ఫిట్టరుగా పనిచేశారు. 1948లో నెహ్రూగారు ‘జల ఉష’ అనే ఓడను నీటిలోకి వదిలింది ఆ షిప్‌యార్డులోనే. పగలంతా ఇనుముతో పని, పని దిగిన తరువాత పాట. యంత్రం ఎట్లా నడుస్తుందో చెప్పే పాట ఒకటున్నది ఆయనది. మరను విప్పి బిగించిన చేతులకు తప్ప అటువంటి పాట కట్టటం సాధ్యం కాదనుకుంటాను. 1972లో పుట్టిన జననాట్యమండలి వ్యవస్థాపకుల్లో ఆయన ఒకరు. 1986లో వచ్చిన ‘అర్ధరాత్రి స్వతంత్రం’లో నటించారు కూడా. ఆయన రాజకీయాలతో అందరూ ఏకీభవించాలని లేదు. నాకూ కొన్నిచోట్ల పేచీ ఉన్నది. కాని పాట విషయంలో పేచీ లేదు.

ఆయన రాసిన ‘ఏం పిల్లడో’ పాట వినని తెలుగువాడు అరుదు. తమాషా ఏమిటంటే, అది తాతలనాటి జానపదమని చాలామంది నమ్మకం. కొన్నేళ్ళ కిందట ఒక కళాశాల వార్షికోత్సవంలో వేదికమీద అబ్బాయి ‘ఇప్పుడొక ప్రాచీన జానపద గీతం’ అని ప్రకటించి అదే పాట అందుకున్నాడు. ఆ ప్రాచీన కవి అప్పటికి బతికే ఉన్నారు, రైలెక్కితే మూడు గంటల దూరంలో! తెలుగు ఎం.ఏ. చదివిన నేను ముందు వరుసలోనే కూచుని, లేచి ఒక్క మాట చెప్పకుండా చప్పట్లు కొట్టి వచ్చాను. వంగపండుగారు 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. ఆ రోజున నాకు మొదట గుర్తొచ్చింది ఆ చప్పట్లే.

ఓడ కట్టేవాడు పాట కట్టాడు ఇక్కడ. అమెరికాలో కోయెన్ సోదరులు 2013లో తీసిన ‘ఇన్‌సైడ్ లూయిన్ డేవిస్’లో సంగతి తిరగబడింది. 1961 నాటి న్యూయార్కులో ఒక జానపద గాయకుడు తలదాచుకునే చోటు లేక వాళ్ళింట్లో ఒక రాత్రి, వీళ్ళింట్లో ఒక రాత్రి గడుపుతుంటాడు. చివరికి పాట మానేసి ఓడ ఉద్యోగానికే పోదామనుకుంటాడు. తీరా చూస్తే దానికి కావలసిన కాగితాలు తోబుట్టువు పాత సామానుతోపాటు పారేసింది! ఏ సముద్రపు ఒడ్డునైనా ఇదే కథ కాబోలు.

పేరు తెలిస్తే చాలునా అంటే, అదీ లేదు. తెలంగాణలో దర్శనం మొగిలయ్యగారు పన్నెండు మెట్ల కిన్నెర వాయిస్తారు. ‘భీమ్లా నాయక్’ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాదు శివార్లలో కట్టడం పనికి కూలిగా పోతున్నారని పత్రికలు ఫోటోలతో సహా వేశాయి.

ఇక పెళ్ళి. గాజువాకలో మా మిత్రుడి కూతురి పెళ్ళి. పెళ్ళికొడుకు ఊరేగింపు ముందు ఆడటానికి తప్పెటగుళ్ళ జట్టును విజయనగరం వైపునుంచి పిలిపించారు. గంగమ్మ పండుగలకు ఆడే ఆట అది. రొమ్ముమీద గుండ్రటి రేకు తప్పెట, కాళ్ళకు గజ్జెలు, పన్నెండుమంది మనుషులు. ఎనిమిదింటికి ఆట అన్నారు. ఎనిమిదింటికి డీజే పెట్టెలు దిగాయి. పదిన్నర దాటినా వీళ్ళను పిలిచినవారు లేరు. అంతలో డీజే ‘నక్కిలీసు గొలుసు’ వేశాడు. పెళ్ళివారంతా గంతులే. మా ఆవిడ కూడా చప్పట్లు కొట్టింది. అరుగుమీద కూచున్న జట్టులో ఒక కుర్రాడి కాలిగజ్జె దానంతటదే ఘల్లుమన్నది. పక్కనున్న పెద్దాయన వాడి మోకాలిమీద చెయ్యివేసి ఆపాడు.

“ఈ పాట తెలుసా మీకు?” అన్నాను.

“మావోల్లదే గదా బాబూ. మా యమ్మ ఊడుపులకాడ పాడీది,” అన్నాడు.

మా మిత్రుడు హడావుడిగా వచ్చి, టైము చాలలేదు, ఏమనుకోవద్దని చెప్పి సగం డబ్బు చేతిలో పెట్టాడు. పెద్దాయన లెక్కపెట్టుకుని తలకట్టులో దోపుకున్నాడు. మిగతా సగం ఎందుకు అడగలేదన్నాను.

“ఆడనేదు గదా బాబూ!”

నేను జేబులోనుంచి తీయబోతే పుచ్చుకోలేదు. వారపత్రికకు రాస్తుంటాను, మీ పేరు చెప్పండి, అచ్చువేయిస్తానన్నాను. పేరు చెప్పాడు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి వచ్చాడు.

“పేరొద్దు బాబూ. పగులు ఈ ఊర్లోనే గోదాంలో బస్తాలు మోత్తాను. రాత్రుల్లు ఆటకెల్తన్నానని మేస్త్రీకి తెలిస్తే పన్లోకి రానివ్వడు.”

పొద్దున ఆరింటికే పనిలోకి దిగాలట. పన్నెండుమందీ గజ్జెలు విప్పి సంచిలో వేసుకుని, ఆటో దొరుకుతుందేమోనని రోడ్డుమీదికి నడిచారు.