ముందు పని, ఆ తరవాతే ధైర్యం

1985లో ‘మయూరి’ సినిమా చూసి కళ్లు తుడుచుకుంటూ హాల్లోంచి బయటికొచ్చిన తరానికి సుధా చంద్రన్ కథ కొత్తగా చెప్పక్కర్లేదు. అయితే అందరికీ గుర్తుండిపోయింది ఆ కథలోని చివరి నాట్యం. మనకు పనికొచ్చేది మాత్రం మధ్యలో ఉంది.

1981లో తమిళనాడులోని తిరుచ్చి దగ్గర బస్సు ప్రమాదం జరిగింది. అప్పటికామె పదిహేను, పదహారేళ్ల పిల్ల. చిన్నప్పటి నుంచీ భరతనాట్యమే లోకం. కాలి గాయం కుళ్లి, ప్రాణం మీదికొచ్చి, మోకాలి కింద కుడికాలు తీసేశారు. ఆ రోజుల్లో ఆమె ఏడవలేదని, కుంగిపోలేదని ఎవరైనా చెబితే నేను నమ్మను. నమ్మాల్సిన అవసరమూ లేదు. కష్టాన్ని కష్టమని ఒప్పుకుని ఏడ్చినవాళ్లే చాలాసార్లు త్వరగా లేస్తారు.

ఆ ఏడాదే, కృత్రిమ కాలు తయారుచేసిన జైపూర్ వైద్యుడు ప్రమోద్ కరణ్ సేఠీకి రామన్ మెగసెసే పురస్కారం వచ్చింది. ఆయన గురించి పత్రికలో చదివిన సుధ జైపూర్ వెళ్లారు. అక్కడ ఆమె అడిగింది ఒకటే: ఈ కాలితో నాట్యం చేయగలనా? అలా అడగడంలోనే ఉంది అసలు సంగతి. ‘నాకే ఎందుకిలా’ అన్నదానికి ఏ డాక్టరూ జవాబు చెప్పలేడు. నాట్యం చేయగలనా అంటే మాత్రం కొలతలు తీసుకుని పని మొదలుపెట్టొచ్చు.

జైపూర్ కాలును డాక్టర్ సేఠీతో కలిసి తయారుచేసిన రామచంద్ర శర్మ పెద్ద చదువులు చదివినవాడు కాదు, చేతిపనివాడు. అప్పటి విదేశీ కృత్రిమ పాదానికి బూటు తప్పనిసరి. రబ్బరుతో, చెక్కతో చేసిన ఈ పాదంతో చెప్పుల్లేకుండా నడవొచ్చు, గొంతుక్కూర్చోవచ్చు, పొలంలో దిగొచ్చు. మన బతుకు ఎలా ఉంటుందో చూసి చేసిన కాలు అది.

అయినా నాట్యం వేరు. అరమండిలో కూర్చుని తట్టడవు వేస్తే ఒంటి బరువంతా పాదం మీద పడుతుంది. రబ్బరు పాదానికి నేల తగిలిందో లేదో తెలియదు. మిగిలిన కాలు ఒరుసుకుని రక్తం కారేది. ఆపడం, మానాక మళ్లీ మొదలుపెట్టడం. 1984 జనవరిలో ముంబైలో గజ్జె కట్టి వేదికెక్కేదాకా ఇదే వరస. మరుసటి ఏడాది సింగీతం శ్రీనివాసరావు దర్శకత్వంలో తన కథే అయిన ‘మయూరి’లో తానే నటించారు.

మచిలీపట్నం ప్రాంతంలో చూపు లేకుండా పుట్టిన శ్రీకాంత్ బొల్లాదీ ఇదే దారి. పదో తరగతి తరవాత సైన్సు గ్రూపు ఇవ్వం, నిబంధనలు ఒప్పుకోవన్నారు. కోర్టుకెళ్లి సాధించుకున్నారు. సీటొస్తే సరిపోదు, చదవాలి కదా! ఒక ఉపాధ్యాయురాలు పాఠాలన్నీ తన గొంతుతో రికార్డు చేసిచ్చారు. ఆ అబ్బాయే అమెరికాలో ఎంఐటీలో చదివి, 2012లో హైదరాబాద్‌లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ స్థాపించారు. ఆయన గురించి మాట్లాడేవాళ్లు ఎంఐటీ పేరెత్తుతారు. నాకు మాత్రం ఆ ఉపాధ్యాయురాలు గొంతు నొప్పెట్టేదాకా పాఠాలు చదువుతూ కూర్చున్న గంటలే గొప్పగా కనిపిస్తాయి.

ఇద్దరికీ ధైర్యం ముందుగా వచ్చి కూర్చోలేదు. పని మొదలయ్యాక, అందులో కాస్త వీలు కనబడ్డాక వచ్చింది. ఆ వీలు కల్పించినవాళ్లు పక్కనే ఉన్నారు. సానుకూల దృక్పథాన్ని ఒంటరి మనిషి గుండెల్లో పుట్టాల్సిన గుణంగా ప్రచారం చేయడం నాకు అన్యాయంగా తోస్తుంది. అది లేనివాళ్లను చేతకానివాళ్లుగా చూడటానికే పనికొస్తుంది ఆ మాట.

మీ ఇంట్లో పరీక్ష తప్పిన పిల్లాడుండొచ్చు. పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయన ఉండొచ్చు. అప్పుల్లో మునిగిన తమ్ముడుండొచ్చు. దయచేసి వాళ్లతో ‘అంతా మన మంచికే’ అనకండి. పక్కన కూర్చుని, రేపు పొద్దున్నే చేయాల్సిన పనేమిటో అడగండి. సప్లిమెంటరీ ఫీజు కట్టడమో, ఫిజియోథెరపీకి తీసుకెళ్లడమో, బ్యాంకు మేనేజరుతో మాట్లాడటమో, ఏదైనా సరే, ఆ పనికి మీరూ వెంట వెళ్లండి.