ఇంటి సాధనకు గిటార్ యాంప్లిఫయర్: వాట్ల చుట్టూ అల్లుకున్న అపోహలు

ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగల కంపనాన్ని పికప్ అనే అయస్కాంతపు తీగచుట్ట బలహీనమైన విద్యుత్ సంకేతంగా మారుస్తుంది. ఆ సంకేతానికి బలమిచ్చి స్పీకరును పలికించే పరికరమే యాంప్లిఫయర్. ఇంట్లో సాధనకోసం దీన్ని కొనదలచినవారు మొదట చూసేది వాట్ల సంఖ్య. 50 వాట్ల యాంప్ చేసే మోతలో 5 వాట్లది పదోవంతే చేస్తుందని, కాబట్టి వాట్లు తగ్గితే ఇరుగుపొరుగుకు ఇబ్బంది ఉండదని చాలామంది భావిస్తారు. మిగిలిన అపోహలలో చాలావాటికి మూలం ఈ భావనే.

చెవి ధ్వనిని కొలిచే తీరు సంవర్గమానాలను పోలి ఉంటుంది. యాంప్ శక్తి సగానికి తగ్గినప్పుడు ధ్వని స్థాయి 3 డెసిబెల్లు మాత్రమే తగ్గుతుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది గాని పెద్దదిగా తోచదు. శక్తి పదోవంతుకు తగ్గితే 10 డెసిబెల్లు తగ్గి, మోత ఉజ్జాయింపుగా సగమైనట్లు వినిపిస్తుంది. అంటే 5 వాట్ల యాంప్ 50 వాట్లదానిలో సగం మోత చేయగలదు. దీనికి తోడు స్పీకరు సున్నితత్వం అనే మరో కొలత ఉంది. ఒక వాట్ శక్తి ఇచ్చినప్పుడు ఒక మీటరు దూరంలో స్పీకరు ఎన్ని డెసిబెల్లు పలుకుతుందో ఇది చెబుతుంది. గిటార్ స్పీకర్లలో ఎక్కువవాటికి ఇది 95 నుంచి 100 దాకా ఉంటుంది. 97 డెసిబెల్ల స్పీకరుకు 5 వాట్లు అందితే ధ్వని 104కు చేరుతుంది. అదే స్పీకరు 77 డెసిబెల్లు పలకడానికి వాట్‌లో నూరోవంతు చాలు. మామూలు సంభాషణ 60 డెసిబెల్ల దగ్గర ఉంటుంది కాబట్టి, ఇంటి సాధనకు 77 కూడా ధారాళమైన స్థాయే. నివాస ప్రాంతాల్లో పరిసర ధ్వని పగలు 55, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు 45 డెసిబెల్లు మించరాదని భారతదేశపు శబ్ద కాలుష్య నియమావళి (2000) నిర్దేశిస్తున్నదని గుర్తుంచుకుంటే, పూర్తిగా తిప్పిన 5 వాట్ల యాంప్ అపార్ట్‌మెంటుకు ఎంత అధికమో తెలుస్తుంది. ఇక్కడ సాధకుని చెవుల సంగతీ ఉంది: 85 డెసిబెల్లను ఎనిమిది గంటలు భరించవచ్చని, ఆపైన ప్రతి 3 డెసిబెల్లకూ ఆ వ్యవధి సగమవుతుందని చెప్పే వృత్తి ఆరోగ్య ప్రమాణాన్ని అనుసరిస్తే, 103 వద్ద మిగిలేది ఏడెనిమిది నిమిషాలే. వినికిడి ఒకసారి పోతే తిరిగి రాదు.

ట్యూబు వాట్లు ట్రాన్సిస్టరు వాట్లకంటే బిగ్గరగా పలుకుతాయన్నది మరో ప్రచారం. వాట్ అనేది భౌతిక ప్రమాణం. దానిని పుట్టించిన పరికరాన్నిబట్టి అది మారదు. అయితే యాంప్‌పై రాసే అంకె సాధారణంగా ధ్వని స్వచ్ఛంగా ఉండే హద్దును సూచిస్తుంది. ఆ హద్దు దాటినప్పుడు వాక్యూమ్ ట్యూబు సంకేతపు శిఖరాలను క్రమంగా అణచుతూ చెవికి ఇంపైన డిస్టార్షన్ ఇస్తుంది, ట్రాన్సిస్టరు వాటిని ఒక్కసారిగా కత్తిరిస్తుంది. అందువల్ల వాదకుడు మొదటిదాన్ని హద్దు దాటించి వాడతాడు, రెండవదాన్ని లోపలే ఉంచుతాడు. వేదికపై డ్రమ్స్ పక్కన ఈ తేడాకు విలువ ఉంది. రెండూ తమ శక్తిలో స్వల్పాంశంతోనే పనిచేసే గదిలో దానికి విలువ లేదు.

తక్కువ వాట్ల ట్యూబు యాంప్ కొంటే దాన్ని ఇంట్లోనే చివరిదాకా తిప్పి ఆ డిస్టార్షన్ రాబట్టవచ్చన్న ఆశ కూడా ఇక్కడే విఫలమవుతుంది. ఒకే 6వి6 పవర్ ట్యూబుతో, 8 అంగుళాల స్పీకరుతో, సుమారు 5 వాట్లతో 1950లలో వచ్చిన ఫెండర్ చాంప్ ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ; గరిష్ఠ స్థాయిలో అది కూడా పక్కింటికి స్పష్టంగా వినిపిస్తుంది. శక్తిని ఉష్ణంగా మార్చివేసే అటెన్యుయేటర్‌ను మధ్యలో అమర్చి మోత తగ్గించినా, నాదం పలచబడిందన్న అసంతృప్తి మిగులుతుంది. దీనికి ప్రధాన కారణాలలో ఒకటి చెవిలోనే ఉంది: ధ్వని తగ్గేకొద్దీ మంద్ర పౌనఃపున్యాలు, అతి తార పౌనఃపున్యాలు మధ్యమ స్థాయికంటే వేగంగా వినికిడినుంచి జారిపోతాయని 1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలకు చెందిన ఫ్లెచర్, మన్సన్‌లు ప్రచురించిన సమశ్రవణ వక్రరేఖలు చూపాయి. కాబట్టి పలచదనానికి మందు మరిన్ని వాట్లు కాదు. బేస్, ట్రెబుల్ మీటలను ఆ స్థాయికి తగినట్లు సవరించుకోవడం, వీలైతే కాస్త పెద్ద స్పీకరున్న పెట్టెను ఎంచుకోవడం.

చిన్న యాంప్ నేర్చుకునే పిల్లలకేనన్న మాటను రికార్డింగుల చరిత్రే ఖండిస్తుంది. 1970లో వెలువడిన ‘లైలా’ ఆల్బమ్‌కు ఎరిక్ క్లాప్టన్ చాంప్ యాంప్‌లనే వాడాడు. క్వీన్ బృందపు జాన్ డీకన్ చెత్తలో దొరికిన సర్క్యూట్‌తో కూర్చిన, బ్యాటరీపై నడిచే ఒక వాట్‌లోపు ట్రాన్సిస్టరు యాంప్‌తో బ్రయాన్ మే వాద్యబృందాన్ని తలపించే నాదాలను పలికించాడు.

అందువల్ల దుకాణంలో పరీక్షించవలసింది వాల్యూమ్ మీటలోని తొలి పావు మలుపు. కొన్ని యాంప్‌లలో అది సున్నా నుంచి ఒకటికి చేరేలోపే గది నిండిపోతుంది. ఇంట్లో ఉపయోగపడేది నెమ్మదిగా, మెట్టుమెట్టుగా పెరిగేది. గెయిన్, మాస్టర్ వాల్యూమ్ విడివిడిగా ఉంటే మొదటి దశలో డిస్టార్షన్ పుట్టించి చివర మోత తగ్గించుకోవచ్చు. రాత్రి సాధనకు హెడ్‌ఫోన్ సదుపాయం మేలు. అయితే గిటార్ స్పీకరు సుమారు 5 కిలోహెర్ట్జ్‌లపైని ధ్వనులను చాలావరకు వడగడుతుంది కాబట్టి, ఆ వడపోతను అనుకరించే సర్క్యూట్ లేని చోట డిస్టార్షన్ హెడ్‌ఫోన్‌లో కర్కశంగా వినిపిస్తుంది. నిశ్శబ్దం కోసం ట్యూబు యాంప్ స్పీకరు తీగను ఊడదీసి వాయించడం మాత్రం ప్రమాదకరం, ఎందుకంటే భారం లేని ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోవచ్చు. అమెరికాలోని బంధువులు తెచ్చే యాంప్‌లు సాధారణంగా 120 వోల్టులవి. ప్లగ్ ఆకారాన్ని మార్చే అడాప్టరు వోల్టేజిని మార్చదు కాబట్టి, యాంప్‌లో వోల్టేజి మార్చే ఏర్పాటు లేనప్పుడు, తగిన సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ లేకుండా వాటిని ఇక్కడి 230 వోల్టులకు కలపరాదు.