కేటగిరీ 5 హరికేన్ పక్కన విమానం దింపొచ్చా?

2017 సెప్టెంబర్ 6. ఇర్మా హరికేన్ ప్యూర్టో రికో వైపు వస్తోంది. కేటగిరీ 5, అంటే అన్నిటికన్నా బలమైన రకం. ఆ మధ్యాహ్నం న్యూయార్క్ నుంచి వచ్చిన డెల్టా విమానం శాన్ జువాన్‌లో దిగింది. 40 నిమిషాల్లో 173 మందిని ఎక్కించుకుని, తుఫాను బయటి మేఘాల పట్టీకీ నడిమి భాగానికీ మధ్య సందులోంచి వెళ్లిపోయింది.

పిచ్చి సాహసం అనిపిస్తుంది కదా? కానీ హరికేన్ మేఘాలు పట్టీలు పట్టీలుగా తిరుగుతాయి, మధ్యలో ఖాళీలుంటాయి. రాడార్‌లో అవి కనిపిస్తాయి. విమానం దిగేటప్పుడు రన్‌వే దగ్గర గాలి సుమారు 24 నాట్లు, విసురుగా వస్తే 31. అంటే గంటకు దాదాపు 57 కిలోమీటర్లు. బోయింగ్ 737కి ఇది తట్టుకోలేని గాలేం కాదు. పైలట్లు చూడాల్సింది తుఫాను కేటగిరీ కంటే ముందు ఈ లెక్కనే.

సేఫ్ సరే, మరి బాధ్యతేనా? నా దృష్టిలో అవునే, కానీ షరతులున్నాయి. దిగకుండా వెనక్కి తిరగడానికి సరిపడా ఇంధనం ఉండాలి. "వద్దు" అని పైలట్ అంటే కంపెనీ ఎదురు చెప్పకూడదు. ఇంకొకటి మనం మర్చిపోతాం: 173 మంది ఎగిరిపోయారు, లగేజీ ఎక్కించినవాళ్లు కిందే ఉండిపోయారు. వాళ్లు తుఫాను ముంచుకొచ్చేలోపు ఇల్లు చేరే టైమ్ కూడా ఆ లెక్కలో ఉండాలి. మీరేమంటారు?