గుండ్లకమ్మ ఒడ్డున ఒక ఎంపిక

మనిషి చేసుకునే నిర్ణయాలకూ వాటి పర్యవసానాలకూ ఉన్న సంబంధాన్ని క్రైస్తవ చింతన విత్తినదే కోయవలసి వస్తుందన్న సూత్రంతో ముగించదు. గలతీయులకు రాసిన పత్రికలో అపొస్తలుడైన పౌలు ఆ సూత్రాన్ని స్పష్టంగానే చెప్పినప్పటికీ, బైబిలులో దానికి ముందే నిలిచే రెండు షరతులు ఉన్నాయి. ద్వితీయోపదేశకాండం 30వ అధ్యాయంలో మోషే జీవాన్నీ మరణాన్నీ ప్రజల ఎదుట ఉంచి కోరుకొమ్మంటాడు కనుక, కోరుకునే స్వేచ్ఛ మనిషికి ఉండాలన్నది మొదటిది. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని అయ్యే ఖర్చు లెక్కచూసుకోవాలని లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు చెబుతాడు కనుక, చెల్లించవలసిన వెల అతనికి ముందే తెలియాలన్నది రెండవది. ఈ రెండు షరతులూ గ్రంథాల్లోంచి దిగివచ్చి వేలమంది బతుకుల్లో పరీక్షకు నిలిచిన సందర్భం తెలుగునాట ఒకటుంది. అది 1866 నుంచి 1878 వరకు ఒంగోలు పరిసరాల్లో జరిగింది.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840 నుంచి నెల్లూరులో పనిచేస్తున్నా, ఫలితం అతి స్వల్పంగా ఉండడంతో దానిని మూసివేయాలన్న ప్రతిపాదన కూడా ఒక దశలో వచ్చింది. బాప్టిస్టులంటే, పసిబిడ్డలకు కాక, తమ విశ్వాసాన్ని తమ నోటితో ఒప్పుకోగల వయసు వచ్చినవారికే నీటిలో ముంచి బాప్తిస్మం ఇచ్చే క్రైస్తవ శాఖవారు. వారి దృష్టిలో విశ్వాసం తల్లిదండ్రుల నుంచి సంక్రమించేది కాదు, ప్రతి మనిషీ స్వయంగా తీసుకోవలసిన నిర్ణయం. 1866లో ఒంగోలులో స్థిరపడిన జాన్ ఎవరెట్ క్లౌ ఈ శాఖకు చెందిన మిషనరీ, అంతకుముందు అమెరికాలో భూమి సర్వే పని చేసినవాడు.

ఆయనకు ఒంగోలులో తొలినాళ్లలోనే కఠినమైన ఎంపిక ఎదురైంది. పట్టణంలోని అగ్రవర్ణాల వారిలో కొందరు ఆయన పాఠశాలపైనా బోధపైనా ఆసక్తి చూపుతున్న సమయంలోనే, పడమటి పల్లెల నుంచి మాదిగ కులస్థులు బాప్తిస్మం కోరుతూ రాసాగారు. వారిని చేర్చుకుంటే తాము రాబోమని అగ్రవర్ణాల వారు తెగేసి చెప్పారు. పలుకుబడి, చదువు, ఆస్తి ఉన్నవారిని ముందు ఆకట్టుకుంటే మిగిలిన సమాజం వారి వెంట వస్తుందన్నది ఆనాడు చాలామంది మిషనరీలు నమ్మిన లెక్క. కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయంలో, దేవుడు లోకం దృష్టిలో నీచులైనవారినే ఏర్పరచుకున్నాడన్న భాగాన్ని క్లౌ దంపతులు విడివిడిగా చదివి ఒకే నిశ్చయానికి వచ్చారని మిషన్ చరిత్రలు చెబుతాయి. వచ్చినవారిని కాదనకూడదన్నదే ఆ నిశ్చయం. దాని ఫలితంగా అగ్రవర్ణాల వారు దూరమయ్యారు, మళ్లీ ఆ స్థాయిలో దగ్గర కాలేదు. ఆ నష్టం ఇంతటిదని తెలిసే తీసుకున్న నిర్ణయం కావడం వల్లనే దానికి విలువ ఉంది.

అయినా ఈ చరిత్రను మిషనరీ నిర్ణయాల కథగా మాత్రమే చెప్పడం అన్యాయం, ఎందుకంటే అసలు వెల చెల్లించినవారు పల్లెల్లోని వారే. వారిలో ముఖ్యుడైన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారి, అంతకుముందే యోగమార్గపు గురువులను ఆశ్రయించి సత్యం కోసం వెదికినవాడు. ఏలూరు వైపు వ్యాపారానికి వెళ్లినప్పుడు క్రైస్తవ బోధ విని, తిరిగి వచ్చి తనవారికి తానే చెప్పాడు, ఆ తరువాతే బాప్తిస్మం పొందాడు. కొత్తగా చేరేవారు ఆదివారం పని చేయకూడదు, చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు, విగ్రహాలను పూజించకూడదు. ఈ నియమాలు చూడడానికి చిన్నవే అయినా, గ్రామవ్యవస్థను కుదుళ్లతో కదిలించేవి. చచ్చిన పశువు మీద హక్కుకు బదులుగా రైతుకు చెప్పులు, కపిల బానలు కుట్టి ఇవ్వడం, జాతర్లలో డప్పు కొట్టడం, పిలిచిన రోజున పనికి పోవడం ఆనాటి మాదిగవాడకు తప్పని బాధ్యతలు. వాటిలో ఒక్కదానిని కాదన్నా ఊరు మొత్తంతో తగాదా వచ్చేది. పని దొరక్కపోవడం, నీళ్లకు అడ్డుకట్ట, దెబ్బలు, తప్పుడు ఫిర్యాదులు వెంట వచ్చేవి. విశ్వాసం ఒక మనిషి అంతరంగంలో పుట్టినా, దాని పర్యవసానం వాడ మొత్తం మీద పడింది.

1876లో మద్రాసు ప్రెసిడెన్సీని చుట్టుముట్టిన మహాక్షామం ఎంపికలో స్వేచ్ఛ ఎంత అన్న ప్రశ్నను మరింత లోతుకు తీసుకుపోయింది. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హామ్ కాలువ తవ్వకాన్ని చేపట్టినప్పుడు, సర్వే అనుభవమున్న క్లౌ కొన్ని మైళ్ల మేర పనిని కాంట్రాక్టుకు తీసుకుని, తన బోధకులనే మేస్త్రీలుగా పెట్టి వేలమందికి కూలి దొరికేలా చేశాడు. తవ్వకం మధ్య విశ్రాంతి వేళల్లో బోధకుల మాటలు విన్న ఎందరో బాప్తిస్మం కోరారు. సంఖ్యలు పెరగాలని ఆశించే సంస్థకు అంతకంటె అనువైన కాలం ఉండదు. అయినా క్లౌ ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం పెట్టే చేయి, మతం చెప్పే నోరు ఒకరివే అయినప్పుడు, ఆకలితో ఉన్నవాడు తెలిపే అంగీకారం అతని సొంతమని ఎవరూ అనలేరు. ఒంగోలు చరిత్ర మొత్తంలో క్రైస్తవ దృష్టికి అత్యంత విశ్వసనీయంగా నిలిచిన నిర్ణయం ఇదే. ఎదుటి మనిషి ఎంపికను గౌరవించడానికి తనకు కలిసివచ్చే ఎంపికను కూడా తోసిపుచ్చగలగడం అరుదైన సంయమనం.

కరువు సహాయం ఆగిపోయిందని చెప్పినా జనం వెనుదిరగలేదు. కూలి అడగడం లేదని, బాప్తిస్మం మాత్రమే కోరుతున్నామని వారు పట్టుబట్టారు. 1878 జూలై 3న ఒంగోలుకు ఉత్తరాన గుండ్లకమ్మ ఒడ్డునున్న వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరిద్దరు చొప్పున నీటిలో నిలబడి ఆ పని చేయగా, క్లౌ మాత్రం నదిలోకి దిగలేదు. అన్నీ చెప్పాక కూడా ఒక సందేహం మిగులుతుంది. కరువులో ఆదుకున్నవారి పట్ల కృతజ్ఞత, మళ్లీ కరువు వస్తే అన్న భయం ఆ వేలమందిలో ఎవరికీ లేవని చెప్పడం సాధ్యం కాదు. మనిషి నిర్ణయం పూర్తి స్వేచ్ఛతో జరగడం అరుదు. ఆ స్వేచ్ఛను వీలైనంత కాపాడడమే బోధించేవారి బాధ్యత, ఆ బాధ్యతను క్లౌ చాలావరకు నెరవేర్చాడనే చెప్పాలి.

వెల మాత్రం ఆ తరంతో తీరలేదు. పాఠశాలలు, ఆసుపత్రులు, అక్షరాస్యత ఆ వాడలకు రావడం ఒక ఫలితమైతే, 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు కింద హోదా దక్కకపోవడం మరో ఫలితం. హిందువులకు మాత్రమే షెడ్యూల్డ్ కుల హోదా ఇచ్చిన ఆ ఉత్తర్వును 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించినా, క్రైస్తవులకు వర్తింపజేయలేదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో క్రైస్తవం స్వీకరించిన షెడ్యూల్డ్ కులాల వారిని వెనుకబడిన తరగతుల్లో బీసీ-సి కింద చేర్చారు. మతం మారినా అంటరానితనం మారలేదన్న వాదనను పరిశీలించేందుకు కేంద్ర ప్రభుత్వం 2022లో మాజీ ప్రధాన న్యాయమూర్తి కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన ఒక కమిషన్‌ను నియమించింది. బాప్టిస్టు సంప్రదాయం ప్రకారం పేరయ్య తరం వారి మనవలు, మునిమనవలు కూడా తమ విశ్వాసాన్ని తామే ఒప్పుకుని నీటిలోకి దిగవలసినవారే. ఆ తరం తీసుకున్న నిర్ణయం వారికి వారసత్వంగా రాదు, కానీ హోదా పత్రం కోసం వారు నిలబడే కార్యాలయంలో ఆ నిర్ణయపు పర్యవసానం మాత్రం వారిని అడగకుండానే వారి పేరున నమోదవుతోంది.